గంగమ్మ వీపు

రోహిణి కార్తెకు రోళ్లు పగులునని పెద్దలు చెప్పిన మాట యేటేట కొంత యతిశయోక్తిగానే తోచును గాని యా యేటి గ్రీష్మమున రోళ్లే కాక రోళ్లను చెక్కి తెచ్చిన కొండయు పగులుచున్నట్లుండెను. ప్రచండమార్తాండకిరణసంతప్తమై నిర్వృక్షమై నిర్విహంగమై యెఱ్ఱగుండ్ల కొండ దక్షిణదిక్కున కాలిన పెంకువలె నిలిచియుండగా దాని పాదమూలమున పుట్టి నాలుగామడల దూరము వంకరలు తిరుగుచు ప్రవహింపవలసిన యిసుకేఱు ప్రవాహమన్న మాటయే మఱచి ధవళసైకతమాత్రావశిష్టమై మధ్యాహ్నపుటెండలో పరుండియుండెను. గట్టుమీది కానుగచెట్ల నీడలలో డొక్కలెగరవేయుచు నిలుచున్న పశువులు ఏటివైపు చూచుటయు మానుకొనెను.

పాలెగాండ్ర ప్రాభవ మస్తమించి దొరల కచేరీ లింకను కుదురుకొనని యా దినములలో ఆ యేటి యొడ్డున చెలమలపల్లె యను నొక చిన్న పల్లె యుండెను. ముప్పదినాలుగు గడపలు గల యా పల్లెకు చెఱువు లేదు. మెరకపొలములలో త్రవ్విన రెండు బావులును ఎన్నడో యెండిపోయెను. దానికి ప్రాణాధారమైన దొక్క యూటకాలువయే. ఊటకాలువ యన నేమో యెఱుగని చదువరులకు రెండు మాటలు చెప్పవలసియున్నది. ఏటిలో పైకి నీరు కనబడకపోయినను ఇసుక క్రింద నీరు మెల్లమెల్లగా నడచుచునే యుండును. ఆ యిసుకను నిలువెత్తు లోతున కందకముగా త్రవ్వినచో నిరువైపులనుండియు నీరు చెమటవలె నూఱి యందు చేరును. అచ్చటినుండి పల్లమునకు కాలువ తీసినచో ఏతము లేక యెద్దు లేక తనంతట తానే పొలమునకు పాఱును. పైనున్న యిసుక సూర్యుని కన్నుగప్పి యా నీటిని కాచును గనుక ఏఱెండినను ఊట యెండదని యా పల్లెవారి నమ్మకము. ఆ నమ్మకము వారి ముత్తాతల కాలమునుండియు వమ్ము కాలేదు.

ఆ యూటను కాచి నీటిని పంచువాడు నీరుగంటి గంగులప్ప. ఏబది యేండ్లు దాటినను నడుము వంగని యా బక్కపలుచని మనుష్యునకు భార్య గతించి చాలకాలమయ్యెను, సంతానము లేదు. తల్లి లేని తనను పెంచి పెద్దచేసిన మేనత్త ముత్యాలక్క యొక్కతెయే యింట దిక్కు. నీటిమాట వచ్చినప్పుడు ఊరి రెడ్డియు గంగులప్ప మాటకు తలయూపవలసినదే. ఏ మడికి ఎంతసేపు నీరు విడువవలెనో అతడు తన నీడను అడుగులతో కొలిచి చెప్పును. ఆ కొలతలో తనవాడు పరాయివాడు అను భేద మొక్కనాడును కనబడలేదని అతనికి కిట్టనివారు సహితము ఒప్పుకొందురు.

నీటి నడకను గూర్చి అతనికి తెలిసినంత యా సీమలో మఱియొకనికి తెలియదు. ఆశ్లేష కార్తెలో కొండమీద పడిన చినుకు మట్టిలో నింకి మట్టి క్రింది మొరమునందు తడుముకొనుచు మొరము క్రింది రాతిపగుళ్లలో దారి వెదకికొనుచు నడుగడుగునకు నాగి యాగి నడచి మాఘమాసమునకు గాని యేటి యిసుకను చేరదని అతనికి తండ్రి చెప్పెను, ఆ తండ్రికి తాత చెప్పెను. ఆ తాత దానిని కన్నులార చూడదలచి యొక యేడు కొండమీద కుంచెడు పసుపు చల్లించి యూట యెన్నడు పచ్చబడునా యని యేడాది పొడవున కాచుకొని కూర్చుండెనట. ఊట పచ్చబడలేదు. ఇంట పులుసులో పసుపు లేనందుకు అవ్వగారు సణిగిన సణుగుడు మాత్రము మఱుసటి యాశ్లేష వఱకు సాగెనని ఆ వంశమున నొక ముచ్చట కలదు.

ఇన్ని తెలిసిన యా వంశమునకు తెలియని దొక్కటి యుండెను. మాఘపూర్ణిమ వెళ్లిన మఱునాడు ఊరివారందఱును ఏటిలో దిగి పూడిన యూటను తిరిగి త్రవ్వుదురు. ఆ త్రవ్వుట యంతయు తుమ్మకఱ్ఱ పారలతోనే గాని యినుపపార పనికిరాదు. నిలువెత్తు లోతు వచ్చిన తరువాత తక్కినవారందఱు గట్టెక్కగా నీరుగంటి యొక్కడే వట్టికాళ్లతో దిగి అరికాలికి చల్లని నల్లబంకమట్టి తగిలినంతనే పార నాపి పైకి వచ్చును. అది గంగమ్మ వీపట. వీపున గాయము చేయరాదట. అంతకుమించి యెవరు నేమియు చెప్పరు. బాల్యమున గంగులప్ప తండ్రిని రెండుసార్లడిగి రెండుసార్లును మొట్టికాయలు తిని ఊరకుండెను. నిజము చెప్పవలెనన్న ఆ తండ్రికిని తెలియదు. తెలియని సంగతి నడిగిన బిడ్డకు మొట్టికాయ పెట్టుట యన్ని కులముల తండ్రులకును గల యలవాటే.

అట్టి యూటకు మూడేండ్ల యనావృష్టి తగిలెను. మొదటి యేట కాలువనీరు మోకాలినుండి బెత్తెడుకు దిగెను. రెండవ యేట బెత్తెడునుండి నాలుగు వ్రేళ్లకు దిగెను. మూడవ యేట గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు వేసవి జల్లులును ముఖము చాటువేయగా రోహిణి వచ్చునప్పటికి రెండు వ్రేళ్ల మందమున నొక జాలు మాత్రము మిగిలెను. చుట్టుపట్ల పల్లెలు తలుపులు బిగించుకొని యుత్తరమునకు తరలిపోయెను. చెలమలపల్లె మాత్రము ఆ జాలును నమ్ముకొని నిలిచియుండెను.

ఆ జాలు మనుష్యులు త్రాగుటకు చాలును. పశువులకును సరిపెట్టవచ్చును. చిక్కు మఱియొకచోట నుండెను. రెండవ యేటి కఱవులోనే యా పల్లెవారు గాదెలలోని విత్తనమును సైతము వండుకొని తినిరి. ఊరంతటికిని మిగిలిన పచ్చనిది కాలువ తలాపున నున్న యొక్క రాగిమడి. అది పండినచో ముప్పదినాలుగు గడపలకును పిడికెడేసి విత్తనము దక్కును. అది మాడినచో నింద్రుడే దిగివచ్చి కుండపోతగా కురిసినను నేలలో చల్లుటకు గింజ లేదు. ఆ మడి యప్పుడే పాలుపోసికొనుచుండెను.

రెడ్డి వీరనారప్ప యొకనాటి యుదయమున గంగులప్పను మడిగట్టునకు పిలిపించెను.

“గంగులప్పా, ఇంగా ఇరవై దినాలు తడి గావల్ల దీనికి. ఏమంటావు?”

“తాగేదానికైతే ఆర్ద్ర దాటేదాంక సాలుతాది సామీ. మడికి గూడా అంటే పది దినాలు గూడా రాదు.”

“ఇత్తనం పోతే ఆర్ద్రలో వానొచ్చి ఏం జేసేదప్పా? దేన్ని జల్లేది?”

గంగులప్ప ఊటవైపు చూచెను. నీరు కావలెను, ఉన్నదానికంటె నెక్కువ కావలెను, అది యెక్కడనుండి వచ్చునో చెప్పవలసినవాడు తానే. ముప్పది యేండ్లుగా నీటికి పెద్దయై తిరిగినవాడు నీరు లేదని చెప్పవలసివచ్చిన దినమున పడు సిగ్గుతో అతడు మడిగట్టు దిగి పోయెను.

ఆ దినములలోనే బావులు త్రవ్వు ఒడ్డె సుంకన్న పనిలేక యుత్తరదేశమునకు పోవుచు త్రోవలో చెలమలపల్లెయందు దాహమునకు నిలిచెను. భుజమున గడ్డపార, వెనుక పెండ్లాము, గాడిదపై తట్టలు. ఊటను చూచి యతడాశ్చర్యపడెను. బంక కాలికి తగిలినంతనే త్రవ్వుట యాపుదురని విని మఱింత యాశ్చర్యపడెను.

“ఏడు ఊర్లల్లో బావులు దవ్వినానన్నా. యాడైనా సరే, పైన తడుంటే కింద నీళ్లుంటాయి. బంక కాడ నిలిపేసిన బావి నేనెప్పుడూ సూళ్లేదు.”

సుంకన్న యబద్ధ మాడలేదు. మెరకనేల బావులకు ఆ మాట చాలవఱకు చెల్లును. ఏటియూటకును మెరకబావికిని గల భేద మెఱుగుట సుంకన్న పని కాదు, గంగులప్ప పని. గంగులప్ప చెడ్డవాడు కాడు, తెలివితక్కువవాడును కాడు. తెలివితక్కువవాడే యైనచో తండ్రి మాట విని యూరకుండెడివాడు. అతడు రెండు దినములు ఊటలో కూర్చుండి యాలోచించెను. సన్నని వెదురుపుల్లను చెక్కి బంకలోనికి మూరెడు లోతున దిగగ్రుచ్చి తీసి చూచెను. పుల్ల మొదలునుండి కొనవఱకు తడిగానే యుండెను. పైన తడి, నడుమ తడి, కావున క్రింద నీరుండక తప్పదని అతడు నిశ్చయించుకొనెను. ఆ తడి క్రిందినుండి పైకి వచ్చినది కాక పైనుండి క్రిందికి దిగినది కావచ్చునన్న చిన్న సందేహము, నీరు పల్లమెఱుగునన్న సామెతను దినమునకు పదిసార్లు పలుకు నీరుగంటికే తోచకపోయెను. దీనికి విధి యని పేరు పెట్టువారు పెట్టుకొందురు గాక, ఆశ యనుట మేలని యీ కథ చెప్పువాని యభిప్రాయము.

రెడ్డియు త్రవ్వుమని సెలవిచ్చి సుంకన్నను నిలిపెను. సంగతి విని ముత్యాలక్క కఱ్ఱ పోటు వేసికొనుచు వాకిటికి వచ్చెను. ఎనుబది యేండ్ల యా వృద్ధురాలికి చూపు మందగించినను మాట మందగింపలేదు.

“ఆడ ఇనుము దించొద్దు నాయనా.”

“ఎందుకు దించగూడదో సెప్పత్తా.”

“గంగమ్మ ఈపది.”

“ఈపుంటే కడుపు గూడా ఉంటాది గదత్తా. నీళ్లుండేది కడుపులో గదా?”

“అదంతా నాకు తెల్దు. మా నాయన దించొద్దన్నాడు. మీ నాయన దించలేదు. నువ్వు గూడా దించొద్దు” అని ముత్యాలక్క యచ్చటనే అరుగుమీద కూలబడెను. కారణము చెప్పలేని యాజ్ఞను మన్నించుట పశువులకు తగునుగాని మనుష్యులకు తగదని గంగులప్పకు తోచెను. పెంచిన అత్తపై జాలియు కలిగెను. ఆ జాలిలో తన గెలుపును గూర్చిన సంతోషము కొంత కలిసియుండెనని అతడు తరువాత దినములలో తలచికొని తలచికొని కుమిలెను.

మఱునాడు ప్రొద్దు బారెడెక్కునప్పటికి ఆబాలగోపాలము ఏటిలో చేరెను. రెడ్డి గంగమ్మకు టెంకాయ కొట్టి తప్పులు కాయుమని మ్రొక్కెను. గంగులప్ప ముందు దిగి బంకను చేతితో తాకి కన్నుల కద్దుకొని ప్రక్కకు తొలగెను. సుంకన్న గడ్డపార నెత్తి మొదటి పోటు వేసెను. నల్లని బంక పెరుగుగడ్డవలె మెత్తగా విచ్చుకొనెను. రెండవ పోటు, మూడవ పోటు, పదవ పోటు. మూరెడు దిగినను బంకయే. జనులలో గుసగుసలు బయలుదేరెను. మూరన్నర దిగునప్పటికి సుంకన్న చేతిలోని గడ్డపార యొక్కసారిగా తనంతట తానే క్రిందికి జాఱి పిడివఱకు దిగబడెను. ఆ రంధ్రమునుండి యొక దీర్ఘనిశ్వాసము వంటి చప్పుడు వినవచ్చెను.

అంతవఱకు అరికాళ్ల లోతున నిశ్చలముగా నిలిచియున్న యూటనీరు కదలెను. కదలి రంధ్రము చుట్టు మెల్లగా తిరుగుట కారంభించెను. “గంగమ్మ కదిలింది! గంగమ్మ లేస్తాండాది!” అని గట్టుమీది జనులు కేకలు వేసిరి. రెడ్డి రెండు చేతులు నెత్తిన జోడించెను. ఒక స్త్రీ ఆనందము పట్టలేక పసుపుకుంకుమలు నీటిలో చల్లెను. గంగులప్ప యొక్కడు వంగి రంధ్రముపై అరచేయి యుంచెను. నీరు చేతిని పైకి త్రోయలేదు. నీరు చేతిని క్రిందికి లాగుచుండెను. చుట్టును ముప్పదినాలుగు గడపల వారు సంతోషముతో అఱచుచుండగా ఆ లాగుడు నెఱిగినవాడు అతడొక్కడే. జనులు చల్లిన పసుపు సుడిలో తిరిగి తిరిగి అతని వ్రేళ్ల సందులనుండి క్రిందికి పోయెను.

“మూయండ్రా! మూయండి! నీళ్లు దిగిపోతాండాయి!” అని అతడు అఱచినప్పుడు మొదట నెవ్వరికిని అర్థము కాలేదు.

అర్థమైన తరువాత జరిగినదానిని వర్ణించుటకు కథకుని కుత్సాహము లేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట లోకమున కలదు గాని ఆకులును దొరకనిచోట జనులేమి పట్టుకొందురు? త్రవ్విన బంకనే ముద్దలు చేసి రంధ్రమున కుక్కిరి. ముద్దలు జాఱిపోయెను. గడ్డి తెచ్చి కుక్కిరి. గొఱ్ఱెబొచ్చు తెచ్చిరి, కంబళ్లు తెచ్చిరి, రెడ్డి తన తలపాగ విప్పి యిచ్చెను. మూసిన ప్రతి సారియు కొంతసేపు నీరు నిలిచి జనులు ఊపిరి పీల్చుకొనునంతలో మూసినదాని ప్రక్కనే బంక మెత్తబడి తెగి మఱియొక నోరు తెఱచుచుండెను. పిడికెడు రంధ్రము తట్టంత యయ్యెను, తట్టంతది చేటంత యయ్యెను. సుంకన్న త్రవ్విన గుంటలో కూర్చుండి తన వీపునే అడ్డుపెట్టి యేడ్చుచు “బావుల్లో ఎప్పుడూ ఇట్ల గాలేదన్నా, ఎప్పుడూ ఇట్ల గాలేదు” అని పలవరించుచుండెను. రెండవనాటి మధ్యాహ్నమునకు ఊటకందకమున బురద మాత్రము మిగిలెను. ఇరువైపుల యిసుకదరులు తడి విడిచి పొడిగా రాలుట కారంభించెను.

అప్పుడు గంగులప్ప బోరగిల పరుండి రంధ్రములోనికి చంకవఱకు చేయి చాచి యందినదానిని పిడికిట పట్టి పైకి తీసెను. అవి గులకరాళ్లు. నునుపుగా గుండ్రముగా నుండెను. తడియైన పైపొరలను త్రోసి మఱియొకసారి ప్రక్కవైపునకు చేయి పోనిచ్చి తీయగా ఈసారి వచ్చిన రాళ్లు వేసవి గాలికి కాగిన రాళ్లవలె నులివెచ్చగా పొడిగా నుండెను. పిడికిలి విప్పగా వానినుండి దుమ్ము రేగెను. ఇరువది తరముల నీరుగంటులు ఏ నీటిమీద బ్రదికిరో ఆ నీటి క్రింద దుమ్ము!

ఆ క్షణమున అతనికి సర్వము తెలిసెను. ఎన్నడో మానవులు పుట్టక పూర్వము ప్రవహించిన మఱియొక యేటి గులకరాళ్లు క్రిందనున్నవి. వానిమీద నేనాటి వఱదయో నల్లబంకను కంచమువలె పఱచి పోయినది. కొండనుండి నెలల తరబడి నడచి వచ్చిన చినుకు లన్నియు ఆ కంచమున నిలిచినవి గాని క్రిందినుండి వచ్చినవి కావు. కంచమునకు చిల్లి పడిన తరువాత అన్నము నేలపాలు. ఆ నీరిప్పుడు ఏ పాతాళమునకు పోయెనో, ఎన్ని యామడల కవతల నే యెఱుగని కోనలో తేలునో చెప్పగలవాడు లేడు.

ఐదు దినములలో ఏటి పొడవున నున్న చెలమలన్నియు నెండెను. రాగిమడి మాడి గింజలేని కంకులను పశువులు మేసెను. ఊరు కదలవలసివచ్చెను. ఎవరైనను తనను తిట్టుదురని, కొట్టుదురని, ఊరిబయట నిలువబెట్టి యుమ్మివేయుదురని గంగులప్ప యెదురుచూచెను. అది యైనను జరిగియుండిన అతని గుండె కొంత తేలికపడెడిది. ఎవ్వరును ఏమియు ననలేదు. “దవ్వమన్నది నేనే గదప్పా” అని రెడ్డి యొక్కడు భుజముపై చేయి వేసి పోయెను. ఆ చేతి బరువును మోయలేక గంగులప్ప ఆ సాయంకాలము గొడ్డుచావడిలో ఒంటరిగా కూర్చుండి వెక్కి వెక్కి యేడ్చెను.

ముత్యాలక్కను వీపున మోసికొని పోవుటకు సిద్ధము చేయుచు అతడు మెల్లగా చెప్పెను.

“అత్తా, ఎందుకు దించగూడదో తెలిసింది.”

“తెలిస్తే తెలిసింది. ఇప్పుడది ఎవురికి జెప్తావు నాయనా?” అని మాత్రము ఆమె అడిగి అతని మెడచుట్టు చేతులు వేసెను.

ముప్పదినాలుగు గడపలవారును ఉత్తరపుత్రోవ పట్టిరి. పోవుచుండగా వారిలో వారు విడిపోయిరి. నీరున్నచోట నెల్లరకు చాలునంత లేదు గనుక ఒక్కొక్క యూరిలో రెండేసి మూడేసి కుటుంబములు కూలికి నిలిచిపోయెను. సుంకన్న గడ్డపారను దారిలోనే యొక కమ్మరికి జొన్నల కిచ్చివేసి పెండ్లాముతో కూడ నెటో పోయెను. తొమ్మిదవనాడు ముత్యాలక్క గంగులప్ప వీపుమీదనే ప్రాణములు విడిచెను. బరువు మాఱలేదు గనుక ఆ సంగతి అతనికి అరక్రోసెడు దూరము నడచిన తరువాత గాని తెలియలేదు. ఒక యేటిగట్టున నామెను పూడ్చిపెట్టి అతడు మిగిలిన నలుగురితో నడక సాగించెను.

పండ్రెండవనాటి యుదయమున వారొక పల్లెను చేరిరి. దాని ప్రక్కనొక యిసుకయేఱు, ఏటినడుమ నొక యూట, ఊటలో రెండు వ్రేళ్ల మందమున నొక జాలు. గంగులప్ప కాళ్లు వానియంతట నవియే ఆగిపోయెను. ఊటలో నలువదేండ్ల వాడొకడు కొయ్యపారతో పూడిక తీయుచు వట్టికాళ్లతో అడుగును తడుముకొనుచుండెను. ఆ యూరి నీరుగంటి యెఱ్ఱన్న. అతడు వచ్చినవారిని చూచి పని యాపి దోసిళ్లకు నీరు పోసెను. ఒక్క చుక్కయు నేలపాలు గాకుండ పోసిన యా తీరు చూచి వీడు నా జాతివాడు, నీటిజాతివాడు అని గంగులప్ప హృదయము ద్రవించెను.

అత్త యడిగిన ప్రశ్నకు సమాధానము దొరకినదని అతనికి తోచెను. చెప్పవలసినవాడు వీడు. ఊరు పోయెను, అత్త పోయెను, ఇంత వెలయిచ్చి కొన్న యెఱుక యొక్కటియైనను ఇంకొక యూరికి పనికివచ్చిన చాలును. తోడివారు చెట్టునీడకు పోగా అతడు ఒడ్డున చతికిలబడి యంతయు చెప్పెను. బంకను గూర్చి, వెదురుపుల్లను గూర్చి, చేతిని లాగిన నీటిని గూర్చి, పిడికిటిలో రేగిన దుమ్మును గూర్చి దాపఱికము లేక చెప్పెను. ఎఱ్ఱన్న పార మీద గడ్డము ఆనించి కన్ను రెప్ప వేయక వినెను. వినుచున్నకొలది అతని కన్నులలో నేదో వెలుగు పుట్టుచుండెను. అది భయమని గంగులప్ప మొదట సంతోషించెను.

“మీ బంక ఎంత మందం పెద్దాయనా?” అని యెఱ్ఱన్న అడిగెను.

“మూరన్నర.”

“మూరన్నరేనా? మాది అంతకంటే మందముంటాది. మీకు కింద గులకరాళ్లుండె, అందుకని దిగిపోయినాయి. మాకు కింద బండ ఉందని మా తాత అంటాన్నెంట. బండమీద నీళ్లు నిలుస్తాయి గదా? దిగిపోయేదానికి దావుండదు గదా?” అని ఎఱ్ఱన్న కొంచెము ముందుకు వంగెను. “నేనూ శానా దినాల్నుంచి అనుకుంటానే ఉండా, దీని కింద ఏముందో అని.”

గంగులప్ప అతని ముఖమును చూచెను. ఆ వెలుగు భయము కాదు. మూడు వారముల క్రిందట తన ముఖమున నుండినది అదియే. అంతవఱకు ఆ బంకను గాయపఱుపరాదను మాట యొక్కటే యుండెను. దానికి తాను కారణము తెచ్చి కలిపెను. కారణ మున్న మాటకు ఎదురు కారణము పుట్టుటకు ఎంతసేపు పట్టును? ఈ మనుష్యుడు రేపో యెల్లుండియో ఒక వెదురుపుల్లను చెక్కును. అది తడిగానే వచ్చును.

గంగులప్ప లేచి నిలుచుండెను. నీటిని గూర్చి జన్మమున నొక్క యబద్ధమును పలికి యెఱుగని యా నోటితో అతడిట్లనెను.

“లేదన్నా. ఇంతసేపూ అబద్ధం జెప్పినా. సిగ్గయి నిజం దాసుకున్నా. ఆడ గులకరాళ్లూ లేవు, దుమ్మూ లేదు. గడ్డపార దిగంగనే నెత్తురొచ్చింది. గంగమ్మ ఈపది. మూడు దినాలు నెత్తురు పారింది. దవ్వినోడు అక్కడే కక్కుకొని సచ్చినాడు. మా ఊర్లో దీపం బెట్టే దిక్కు లేదిప్పుడు. నన్నెందుకు ఇడిసిందో తెలుసునా? ఊరూరా తిరిగి సెప్పమని ఇడిసింది.”

ఎఱ్ఱన్న ముఖము పాలిపోయెను. అతడు తానెక్కడ నిలుచున్నాడో యప్పుడే జ్ఞప్తికి వచ్చినవానివలె బంకమీదినుండి కాళ్లు తీసి యిసుకమీదికి జరిగి రెండు చేతులు జోడించెను. గంగులప్ప తానార్జించిన యొక్క సత్యమును తన నోటితోనే పూడ్చి, తోడివారిని పిలిచికొని గట్టెక్కెను.

ఎండ ముదురుచుండెను. ఉత్తరమున ఆకసమున మబ్బుతునుక లేదు. చాలదూరము నడచిన తరువాత గంగులప్ప త్రోవలో నొక్కసారి నిలిచి వెనుదిరిగి చూచెను. బంకను గంగమ్మ వీపని మొట్టమొదట చెప్పిన యా పూర్వికుడు, ఎవ్వరికిని కారణము చెప్పక కన్నుమూసిన యా మొదటి నీరుగంటి, ఏ యూరిని పోగొట్టుకొని తమ పల్లెకు నడచి వచ్చినవాడో యని అతనికి అప్పుడు తోచెను.